చేబదులు

నుర్మెస్ దాటాక రేడియో గరగరలాడి ఊరుకుంది.
సున్నాకి ఇరవై ఆరు కింద.
కోత మిల్లు పొగ నిటారుగా నిలబడి ఉంది,
గీసినవాళ్లు చెరపడం మరిచిన గీతలా.

గాజుగదిలో ఓస్మో,
ముప్ఫై ఏళ్లుగా దుంగల మొహాలు చూస్తున్నవాడు.
కింద గొలుసు మీద స్ప్రూస్ దుంగ దొర్లుకుంటూ వస్తుంది,
తెర మీద దాని వలయాలు విచ్చుకుంటాయి,
పుచ్చు ఉన్నచోట ఎర్ర గీత.

"రెండు దాటితే దీనికి పిచ్చెక్కుతుంది.
బటన్ల మీద అక్షరాలు రాలిపోతాయి,
మెనూ నల్లబడుతుంది.
ఆపి మళ్లీ మొదలెడతాను.
చలికేమో."

చలికి కాదన్నాను.
మరి దేనికో నాకూ తెలీదు.

టాస్క్ మేనేజర్‌లో ఎవరూ తెరిచి చూడని
ఒక నిలువు వరుసని బయటికి లాగాను:
జీడీఐ ఆబ్జెక్టులు.
నూట నలభై.
చాలాసేపు నూట నలభయ్యే.
ఉన్నట్టుండి నూట అరవై.
మళ్లీ ఉలుకూ పలుకూ లేదు.
నూట ఎనభై.

కోడు తెరిచాను. అర్వో రాసింది, తొంభై ఎనిమిదిలో.
పెన్ను తీసుకున్న చోట ఒక వేలు,
ఇచ్చేసిన చోట ఒక వేలు.
లెక్క సరిపోయింది.
సరిపోయిన లెక్కని చూస్తూ గంటన్నర కూర్చున్నాను.

ఓస్మో వెనక్కి తిరక్కుండానే అన్నాడు:
"పుచ్చు దుంగలు ఎక్కువైన రోజు ఇది ముందే చస్తుంది.
శుక్రవారం పదకొండింటికే."

అప్పుడు కనబడింది.
రెండు వేళ్ల మధ్య, ఏడు లైన్లు పైన,
ఒక చిన్న షరతు:
దుంగ పుచ్చిందా, ఇక ఇక్కడి నుంచే వెనక్కి.
మంచి దుంగలన్నీ చివరిదాకా నడిచి
పెన్ను ఇచ్చేసి వెళ్తున్నాయి.
చెడ్డది మాత్రం జేబులో పెట్టుకుని పోతోంది,
ఒక్కోటి దొర్లేలోపు ఇరవైసార్లు.

విండోస్ పత్రం రాయించుకోదు,
వడ్డీ అడగదు, సాక్షిని పిలవదు.
చేబదులు, అంతే.
పదివేల దాకా పల్లెత్తు మాట అనదు.
దాటాక కూడా తిట్టదు.
చాపిన చేతిలో ఒక సున్నా పెడుతుంది.
రాలిన అక్షరాలన్నీ
ఆ సున్నాతో రాసినవే.

అర్వోకి ఫోన్ చేశాను.
పియెలినెన్ మంచుకి కన్నం పెట్టి
చేప కోసం కూర్చుని ఉన్నాడు.
"అప్పట్లో పుచ్చు దుంగలు వచ్చేవి కాదమ్మాయ్," అన్నాడు.
మనమందరం అనేదే.

వెనక్కిచ్చే లైనుని షరతుకి పైన ఇంకోసారి అతికించొచ్చు.
రేపు ఇంకొకడు ఇంకో షరతు పెడతాడు.
అందుకని పెన్నుని ఒక చిన్న క్లాసుకి అప్పగించాను.
పుడుతూ తీసుకుంటుంది,
బ్రాకెట్ మూసుకోగానే పోతూ పోతూ ఇచ్చేస్తుంది.
నువ్వు చివరిదాకా నడిచినా,
మధ్యలో వెనుదిరిగినా,
ఎక్సెప్షన్ విసిరి గోడ దూకినా.
ఒక్కటే జాగ్రత్త:
ముందు పాత పెన్నుని దాని చోట పెట్టాలి,
అప్పుడే కొత్తది వదలాలి.
పట్టుకుని ఉన్నదాన్ని
పారేయడం ఎవరి వల్లా కాదు.

రెండయింది.
రెండున్నరకి ఓస్మో కుర్చీలోంచి సగం లేచాడు,
తెర వైపు చూశాడు, కూర్చున్నాడు.
మూడింటికి మళ్లీ అదే.

ఆపి మొదలెడితే లేవడానికి నాలుగు నిమిషాలు.
పదకొండేళ్లుగా
అతను కాఫీ తాగింది ఆ నాలుగు నిమిషాల్లోనే.

"బాగానే బాగు చేశావు,"
ఫ్లాస్క్ మూత తిప్పుతూ, తీయకుండా, అన్నాడు.
"ఇప్పుడు దీన్నెప్పుడు తాగను?"

జవాబు వెతుక్కునేలోపు
ఇంకో దుంగ దొర్లుకుంటూ వచ్చింది, నడుం దగ్గర పుచ్చు.
ఎర్ర గీత.

నూట నలభై ఒకటి.
నూట నలభై.